పసిబిడ్డలు గల యింట నుండవలసిన ఆపద పెట్టె
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

 విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, మగ్గముల సహాయమును గూర్చియు పెద్దలు ఇదివరకే గంభీరముగా ప్రసంగించియున్నారు. మేము చెప్పబోవునది ఒక చిన్న పెట్టెను గూర్చి మాత్రమే. అది నగలపెట్టె కాదు. పట్టుచీరల పెట్టెయు కాదు. క్రొత్తగా కాపురము పెట్టి, ఒడిలో పసిబిడ్డ నుంచుకొన్న మన యువదంపతుల యింట ఆపత్కాలమున కక్కరకు వచ్చు పెట్టె. విషయ మల్పమని తలంపక కొంచెము సేపు చెవి యొగ్గ వేడుచున్నాము.

మనది నేతకులము. ఆకాశమున మబ్బు క్రమ్మిన వెంటనే మన పెద్దలు చేయు మొదటిపని యేది? పడుగును జాగ్రత్తగా చుట్టుట, నూలు చిలుపలను, కండెలను అటక నెక్కించుట, గుంటమగ్గములోనికి నీరు రాకుండ గుమ్మమున మట్టికట్ట వేయుట. ఈ పని మనకెవరును నేర్ప నక్కరలేదు. నూలు తడిసిన కూడు పోవునని మన కందఱకును తెలియును. పడుగునకున్న యీ జాగ్రత్త మన యింటి పసిబిడ్డకు మాత్రము లేకపోవుట యేమి న్యాయము? ఈ యొక్క ప్రశ్నను మీ ముందుంచుటయే మా యుద్దేశము.

మన తీరదేశమునకు ఉప్పెనలు క్రొత్తవి కావు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీని బందరును ముంచిన యుప్పెనలో సుమారు 30,000 మంది మృతినొందిరి. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమను కబళించిన యుప్పెనలో కనీసము 10,000 మంది ప్రాణములు గోల్పోయిరి. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీని కోనసీమను కొట్టిన తుఫానులో వేయిమందికి పైగా నశించిరి. తరువాతి కాలమున పరిస్థితి మారినది. వాతావరణ శాఖవారు తుఫాను తీరమును దాటుటకు మూడు దినములకు ముందే యెచ్చరికలు మొదలిడుచున్నారు. తుఫాను ఆశ్రయభవనములు వెలసినవి. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువంటి మహానగరముమీదనే నేరుగా వచ్చి పడినను, మృతుల సంఖ్య పూర్వపు తుఫానులతో పోల్చదగినది కాదు. ఇది సంతోషింపదగిన విషయము.

కాని చావు తగ్గినదని బాధ తగ్గలేదు. నేటి యాపద తుఫాను వచ్చు రాత్రికంటె దాని తరువాతి మూడునాళ్లయందే యెక్కువగా నున్నది. హుద్‌హుద్ తరువాత విశాఖలో కొన్నిదినములు విద్యుత్తు లేదు. విద్యుత్తు లేనందున మోటారు లేదు, మోటారు లేనందున నీరు లేదు, లిఫ్టు లేదు, ఫోను లేదు, ఏ.టి.ఎం.లో రొక్కము లేదు. పాలపొట్లము కొఱకు జనులు బారులు తీరి నిలిచిరి. పెద్దవారు ఒకపూట పస్తుండగలరు. నాలుగు నెలల బిడ్డ యుండగలదా?

ఈ సందర్భమున మా యింటి సంగతి యొకటి చెప్పుట కనుజ్ఞ వేడుచున్నాము. 1977 నాటికి మేము కృష్ణాజిల్లాలో సముద్రమునకు కొంత లోపలగా నున్న యొక నేతపల్లెయందుంటిమి. ఉప్పెన మా యూరికి రాలేదు. గాలి మాత్రము వచ్చెను. ఇంటి కప్పు సగము లేచిపోయెను. ఆనాడు మా చెల్లెలు పాలుత్రాగు బిడ్డ. మా తల్లిగారు ఆశ్వయుజము మొదలు మార్గశిరము వఱకు వంటింటి మూల ఒక రేకుపెట్టె నుంచెడివారు. అందులో పేలపిండి, బెల్లపుముక్క, ఉప్పు, వాము, మూత గట్టిగానున్న డబ్బాలో అగ్గిపెట్టె, ఉతికి మడిచిన పాత నూలుచీరలు ఉండెడివి. ప్రక్కన బిందెడు నీరు, దానిమీద మూత, మూతమీద గుడ్డ. ఆ రాత్రి ఆమె పాతచీరతో బిడ్డను రొమ్మునకు గట్టిగా కట్టుకొని, రెండుచేతులు ఖాళీగా నుంచుకొని, మమ్ము వెంటబెట్టుకొని పంచాయతీవారి పక్కాయింటికి నడచిరి. పెట్టె మా తండ్రిగారి నెత్తిమీద వచ్చెను. ఆ యింట మేము రెండుదినములుంటిమి. ఆ రెండుదినములు మా చెల్లెలు ఆకలికి గాని చలికి గాని ఏడ్వలేదు. మా తల్లిగారు చదువుకొన్నవారు కారు. అయినను ఆ పెట్టె యేల యుంచవలయునో వారికి తెలియును. వారికి వారి యత్తగారు చెప్పిరి.

నేడు చెప్పు అత్తగారు ఊరిలో నున్నారు. వినవలసిన కోడలు నగరమున నాలుగవ అంతస్తున నున్నది. మన బాంధవులలో యువకులనేకులు బ్రతుకుతెరువు కొఱకు హైదరాబాదు, విశాఖ, బెంగుళూరు మొదలగు పట్టణములకు పోయి వేరుకాపురములు పెట్టియున్నారు. భీవండి, షోలాపురము, సూరతు పట్టణములయందు మనవారు తరతరములుగా నున్నారు. ఆపద తీరదేశమునకు మాత్రమే పరిమితమైనది కాదు. 2005 జూలై 26వ తేదీని బొంబాయి శాంతాక్రజ్‌లో ఒక్కరోజున 944 మిల్లీమీటర్ల వర్షము కురిసెను. 2006 ఆగస్టులో తపతీనది సూరతును ముంచెను. 2020 అక్టోబరులో హైదరాబాదు నగరమున చెరువులు పొంగి పేటలు మునిగెను. 2024 సెప్టెంబరు 1వ తేదీని మున్నేరు ఖమ్మమును, బుడమేరు విజయవాడను ముంచెను. కావున మాకు సముద్రము దూరమని యెవరును నిశ్చింతగా నుండరాదు.

బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతము మునిగిన నాడు మా దగ్గరి బంధువుల యింటి చిన్నదంపతులు అచ్చట నుండిరి. క్రిందియింటి కాపురము; ఎనిమిదినెలల ఆడబిడ్డ. తెల్లవారుసరికి మంచము వఱకు నీరు వచ్చెను. బిడ్డను, ఫోనును పట్టుకొని పై యంతస్తువారి యింటికెక్కిరి. తక్కిన దంతయు క్రిందనే యుండిపోయెను. సాయంకాలమునకు ఫోను చల్లారెను. తల్లిదండ్రుల ఫోను సంఖ్య కూడ ఆ యిద్దఱిలో నొకరికిని నోటికి రాదు. డ్రోనుల చేతను, పడవల చేతను ఆహారపొట్లములు, నీళ్లసీసాలు పంచిరి. అది పెద్దవారి భోజనము. మూడవనాడు బిడ్డకు విరేచనములు పట్టుకొనెను. పై యింటి ముసలమ్మగారు కాచిన నీటిలో చక్కెర, ఉప్పు కలిపి చెంచాతో పోసి, తల్లిచేత మాటిమాటికి చన్నిప్పించి, పడవ వచ్చువఱకు ఆ బిడ్డను నిలిపిరి. ఆ బిడ్డ నేడు క్షేమముగా నున్నది. టీకాల కార్డు, జననపత్రము మాత్రము బురదలో ముద్దయ్యెను. వాని నకళ్లకొఱకు ఆ తండ్రి అనేక దినములు తిరుగవలసివచ్చెను. ఆ బిడ్డను నిలిపినది చారెడు చక్కెర, చిటికెడు ఉప్పు, ఒక ముసలమ్మగారి జ్ఞాపకము. ప్రతి మేడమీదను అట్టి ముసలమ్మగారు దొరకరు. కావున ఆ జ్ఞాపకమును పెట్టెలో సర్దియుంచుకొనవలయును.

ఇక పెట్టెను గూర్చి చెప్పెదము. దీనిని రెండుగా నేర్పఱచుకొనుట మేలు. ఇల్లు విడువ నక్కరలేనప్పుడు ఇంటనే యుండి మూడుదినములు గడపుటకు పెట్టె. ఇల్లు విడువవలసి వచ్చినప్పుడు భుజమున తగిలించుకొని పోవుటకు సంచి. పెట్టె మూత బిగువుగానుండు ప్లాస్టిక్కుదైన చాలును. సంచి వీపున వేసికొనునది కావలయును. ఏలయన చేతులు బిడ్డకొఱకు ఖాళీగా నుండవలయును. సంచి నింపిన పిమ్మట భర్త యొకమారు, భార్య యొకమారు దానిని వేసికొని మెట్లు దిగి యెక్కి చూడవలయును. ఆపదనాడు భర్త యింట నుండునని నిశ్చయమేమి? ఒంటరిగా బిడ్డ నెత్తుకొన్న తల్లి మోయలేని సంచి యెన్ని వస్తువులున్నను వ్యర్థము.

మొదటిది నీరు. త్రాగుటకు తలకొక్కింటికి దినమునకు మూడులీటర్లు. చన్నిచ్చు తల్లికి ఇంకను కొంచె మెక్కువ. ముగ్గురున్న యింటికి మూడుదినములకు 30 లీటర్లుండిన ధైర్యముగా నుండవచ్చును. శుభ్రమైన మూతగల డబ్బాలలో నింపి, నీడనుంచి, అప్పుడప్పుడు మార్చుచుండవలయును. తుఫాను హెచ్చరిక వినిన వెంటనే, విద్యుత్తు పోకమునుపే, ఇంటనున్న బిందెలు, బక్కెట్లు అన్నియు నింపుకొనవలయును. నిలువనీరు చాలక బయటినీరు త్రాగవలసివచ్చిన, మొదట నాలుగుమడతల పాత నూలుగుడ్డలో వడియగట్టి, తరువాత సలసల కాగినపిమ్మట ఒక నిమిషమైనను పొయ్యిమీద నుంచవలయును. వడియగట్టినంతనే సరిపోదు. పొయ్యి లేనప్పటికి మందుల అంగళ్లలో దొరకు క్లోరిను బిళ్లలు పెట్టెలో నుంచుకొని, వానిపై వ్రాసిన ప్రకారము వేసి, అరగంట ఆగి త్రాగవలయును.

రెండవది బిడ్డ యాహారము. ఆరునెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మఱేమియు వలదు. నీరు కూడ వలదు. వరదలలో దీనికి మించిన భద్రమైన యాహారము లేదు. దానికి పొయ్యి అక్కరలేదు, గిన్నె అక్కరలేదు. భయముచేత పాలింకిపోవునని మన స్త్రీలలో నొక నమ్మకము కలదు. భయమువలన పాలు దిగుట కొంచె మాలస్యము కావచ్చును. బిడ్డ చప్పరించుచున్న కొలది మరల దిగును. కావున ఆ తల్లికి తిండి, నీరు, ఒక మూల చాటు, చెంత ధైర్యము చెప్పు మనిషి కావలయును. వైద్యుని సలహాపై డబ్బాపాలు త్రాగు బిడ్డయైనచో ఆ డబ్బా, కొలతచెంచా, మూడునాళ్లకు సరిపడు నీరు ప్రత్యేకముగా నుంచి, సీసాకు బదులు గిన్నె, చెంచా వాడవలయును. సీసా, దాని తిత్తి ఆపత్కాలమున శుభ్రపఱచుట యసాధ్యము. ఆరునెలలు దాటిన బిడ్డకు తల్లిపాలతోపాటు రాగిపిండి, వేయించి విసరిన బియ్యము పెసరపప్పుల పిండి, బెల్లము ఉంచుకొనవలయును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. చిన్నపిల్లల చేతికి వేరుసెనగగింజలు, బఠాణీలు ఇయ్యరాదు. గొంతున బడిన ఊపిరి యాడదు. పెద్దలకు అటుకులు, పేలాలు, ఖర్జూరములు, బిస్కత్తులు చాలును.

మూడవది మందులు. ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఆరైన నుండవలయును. ఒక లీటరు పొట్లమును ఒక లీటరు శుభ్రమైన నీటిలోనే కలపవలయును. సగము పొట్లము సగము నీరు అని అంచనా కట్టరాదు. కలిపిన నీరు ఒక దినము మించి నిలువ యుంచరాదు. పొట్లము లేనప్పుడు లీటరు నీటికి సమముగా కొలిచిన ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. ఈ లెక్కను చీటీమీద వ్రాసి పెట్టెమూత లోపలివైపున అంటింపవలయును. ఉప్పు ఎక్కువైన కీడు కలుగును. విరేచనములయందు బిడ్డకిచ్చు జింకు బిళ్లలు, జ్వరమునకు పారాసెటమాలు చుక్కలు వైద్యుని యడిగి, బిడ్డ బరువునకు తగిన మోతాదు ఆయనచేతనే వ్రాయించుకొనవలయును. పిల్లలకు ఆస్పిరిను ఈయరాదు. కట్టుగుడ్డ, దూది, గాయముల మందు, జ్వరమాని, దోమతెర, సబ్బు, తల్లికి నెలసరి గుడ్డలు మఱవరాదు. ఇంటిలో నెవరికైన రక్తపోటునకో, మధుమేహమునకో నిత్యము మందు వాడు నలవాటున్నచో వారమునకు సరిపడునది యుంచుకొనవలయును. బిడ్డ కన్నులు లోతునకు పోయినను, పాలు త్రాగలేక మగతగా నున్నను, విరేచనములో నెత్తురు కనబడినను, ఇంటివైద్యము మాని వెంటనే 108కి తెలుపవలయును.

నాలుగవది బట్టలు. ఇచ్చట మన కులమువారికి పరుల సాయ మక్కరలేదు. ఉతికి మెత్తబడిన నూలుచీరకు మించిన పొత్తిగుడ్డ లేదు. అదియే బిడ్డకు పక్క, అదియే కప్పు, అదియే ఉయ్యాల, అదియే వడపోతగుడ్డ. అవసరమైన బిడ్డను రొమ్మునకు కట్టుకొను త్రాడును అదియే. అటువంటి చీరలు రెండు, బిడ్డకు మూడు జతల యుడుపులు, ఒక ఉన్నిటోపీ ఒక ప్లాస్టిక్కు సంచిలో మూతి బిగించి యుంచవలయును. నడక వచ్చిన బిడ్డ చొక్కా లోపలివైపున బిడ్డపేరు, తండ్రి ఫోను సంఖ్య వ్రాసిన గుడ్డముక్క కుట్టవలయును. ఆశ్రయభవనపు జనసమ్మర్దములో తప్పిపోయిన బిడ్డ తన చిరునామా చెప్పలేదు.

ఐదవది వెలుతురు, వార్త. టార్చిలైటు రెండు, వేరుగా బ్యాటరీలు, నింపియుంచిన పవర్‌బ్యాంకు, బ్యాటరీతో పనిచేయు చిన్న రేడియో, ఒక యీల. క్రొవ్వొత్తిని, కిరసనాయిలు దీపమును పసిబిడ్డ పక్కయొద్ద నుంచరాదు; తుఫానుగాలికి దోమతెర యొక్కటి రెపరెపలాడిన చాలును. ఫోను సంఖ్యలు కాగితముమీద వ్రాసికొనవలయును. 112, 108, రాష్ట్ర నియంత్రణ కేంద్రమునకు 1070, జిల్లా కేంద్రమునకు 1077. వానితోపాటు పుట్టినింటిది, మెట్టినింటిది, ఊరిలో పెద్దమనిషిది, దూరపుజిల్లాలో నున్న యొక బంధువుది. మనయూరి ఫోనులన్నియు మూగవోయినను దూరపు బంధువు మన క్షేమవార్తకు మధ్యవర్తి కాగలడు.

ఆఱవది రొక్కము, పత్రములు. పది, ఇరువది, ఏబది, నూఱు రూపాయల చిన్ననోట్లు రెండుమూడువేలకు తగ్గకుండ నుండవలయును. విద్యుత్తు లేనినాడు ఫోనులోని ధనము ధనము కాదు. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బిడ్డ జననపత్రము, టీకాల వివరములు గల తల్లీబిడ్డల కార్డు, బ్యాంకు పుస్తకము, భీమా పత్రములు వీని నకళ్లు రెండు ప్లాస్టిక్కు తొడుగులలో నుంచి, ఒకటి సంచిలోను, రెండవది పుట్టినింటను భద్రపఱచవలయును. అసలుపత్రముల ఫొటోలు ఫోనులో నుండుటయు మేలే. అది మూడవ కాపుదల, మొదటిది కాదు.

పెట్టె యెచట నుంచవలయును? వరద వచ్చు తావులయందు నేలమీద నుంచరాదు. ఎత్తుగా నుండవలయునని అటకమీద త్రోసి, ముందు పండుగసామాను పేర్చుటయు కూడదు. చీకటిలో నిచ్చెన లేకుండ చేతి కందు తావు, గుమ్మమునకు దగ్గఱ, నడుమెత్తు గూడు మంచిది. ఇల్లు విడుచునప్పుడు గ్యాసు రెగ్యులేటరు కట్టివేయుట, విద్యుత్తు మెయిను ఆపుట, సంచి తీయుట, బిడ్డను కట్టుకొనుట; ఈ నాలుగుపనులు ఎవరెవరివో భార్యాభర్తలు ముందే పంచుకొనవలయును. అధికారులు పొమ్మన్నప్పుడు పోవలయును. నడుమ గాలి హఠాత్తుగా నాగిన, తుఫాను పోయినదని బయలుదేరరాదు. అది తుఫాను కన్ను కావచ్చును. కొంతసేపటికి గాలి యెదురుదిక్కునుండి మరల విరుచుకొనిపడును. నెలలు నిండిన గర్భిణి యున్నచో మొదటి హెచ్చరికకే ఆసుపత్రి గల యూరికి చేర్పవలయును.

ఇదివఱకు చెప్పిన సింగ్‌నగర్ దంపతులు ఆ వరద తరువాత బుద్ధిగా నొక పెట్టె సర్దిరి. మేము చూచి మెచ్చుకొంటిమి. మరుసటి యుగాదికి వారింటికి పోయినప్పుడు తెఱచి చూపుమంటిమి. బిడ్డ యుడుపు లొక్కటియు పట్టలేదు. టార్చిలో బ్యాటరీ కారి త్రుప్పు పట్టెను. రాగిపిండి పురుగు పట్టెను. జ్వరపుచుక్కల గడువు దాటెను. దాటకున్నను ఆ మోతాదు ఎనిమిదినెలల బిడ్డది. ఆ తల్లి మొగము చిన్నబుచ్చుకొనెను. తప్పు ఆమెది కాదు. పెద్దల పెట్టె యేడాది యట్లే యుండవచ్చును. పసిబిడ్డ పెట్టె బిడ్డతోపాటు పెరుగవలయును. మన మది చెప్పలేదు.

అందువలన సంవత్సరమునకు రెండుమారులు పెట్టె విప్పు దినములను నిర్ణయించుకొందము. మొదటిది ఉగాది, వేసవి తుఫానులు దాని తరువాతనే వచ్చును. 1990 మేలో మన తీరమును కొట్టిన తుఫాను అట్టిదే. రెండవది శ్రావణ పూర్ణిమ. మనవారు జంధ్యములు మార్చుకొను నాడు పెట్టెలోని నీరు, పిండి, మందు, బ్యాటరీలు, బిడ్డ యుడుపులు కూడ మార్చుకొందురుగాక. భాద్రపదపు వరదలకును, ఆశ్వయుజ కార్తికముల తుఫానులకును ఇల్లు సిద్ధముగా నుండును. పాతపిండి, బెల్లము ఆనాడే వండుకొని తినవచ్చును; ఏమియు వ్యర్థము కాదు.

తుదకు మన సంఘమువారికిని, పోషకులకును మా విన్నపము. పురిటికి వచ్చిన కుమార్తెను బిడ్డతో మెట్టినింటికి పంపునప్పుడు మనము సారె పెట్టుదుము. ఉయ్యాల, పసుపుకుంకుమలు, చీరె, కావిళ్లతో మిఠాయిలు, శక్తికొలది వెండిగిన్నె. ఆ సారెలో ఇకమీదట ఈ పెట్టెయు నొకటి చేరవలయును. వెండిగిన్నె వెలలో నాలుగవవంతు కూడ దీనికి కాదు. సగము వస్తువులు ఇంటనే యున్నవి. అమ్మమ్మ తన చేతితో సర్ది, ఏది యెందులకో కూతునకు చెప్పి పంపిన, వస్తువులతోపాటు ఆ తెలివియు ఇల్లు మారును. మా నాయనమ్మనుండి మా తల్లికి వచ్చినది ఆ విధముగనే.

ఇందునిమిత్తము మూడు తీర్మానములను సభవారి యాలోచనకు సమర్పించుచున్నాము. ఒకటి: మన కులమున బిడ్డ పుట్టిన ప్రతి యింట సారెతోపాటు ఆపద పెట్టె నిచ్చు నాచారమును ప్రోత్సహించుట. రెండు: ప్రతి పేటయందును మహిళాశాఖవారు ఉగాదికిని, శ్రావణ పూర్ణిమకును ఇంటింటికి పోయి, పెట్టె విప్పించి చూచి వచ్చుట. మూడు: కూలికి నేయు మన బీదబాంధవుల యిండ్లకు సంఘనిధినుండి పెట్టెల నిచ్చుట, ఇచ్చిన వారి పేరు పెట్టెమీద వ్రాయకుండుట. ఈ మూడవదానికి పోషకమహాశయుల యౌదార్యము కావలయును. సత్రముమీద శిలాఫలక ముండును; ఈ దానమునకు ఫలకము లేదు. చీకటిరాత్రి ఒక తల్లి చేయిచాచిన చోట టార్చిలైటు దొరకుటయే దీని ఫలకము.

మేఘము కనబడగానే పడుగు చుట్టు చేతులు మనవి. ఆ చేతులతోనే ఈ పెట్టెయు సర్దుదము.